కిడ్నీ పేషెంట్లకు "ఆకలి పొడి" కొనేముందు వెనక లేబుల్ చదవండి: తిరుపతి, చిత్తూరు వాళ్ళకు హెచ్చరిక

ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉన్నవాళ్ళకు ఎవరైనా "ఆకలి తగ్గించే కిడ్నీ డైట్ పొడి" అని ప్యాకెట్ చేతిలో పెడితే, దయచేసి ఇది చదివాకే డబ్బులు ఇవ్వండి. మా నాయనకు ఆ పొడి తాగుతుండగా రక్తంలో పొటాషియం 6.3కి పెరిగి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మామూలుగా అది 3.5 నుంచి 5 దాకా ఉండాలి. షాపు పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు ఇచ్చాను, అది నడుస్తోంది. ఆ సరుకు ఎలా ఉంటుంది, ఏం చెప్పి అమ్ముతారు అన్నది మీకు తెలియడం ముఖ్యం.

ఈ పొడికి గిరాకీ అంతా ఆకలి వల్లే. మా నాయన పాకాల వైపు పల్లెలో పుట్టి పెరిగినవాడు. పొద్దున సంగటి ముద్ద, ఊరిబిండి, మధ్యాహ్నం పప్పు, చలికాలం వస్తే అనపగింజల పులుసు, సాయంత్రం ఉడకబెట్టిన చెనక్కాయలు. బుద్ధి తెలిసినప్పటి నుంచి అదే తిండి. కిడ్నీ జబ్బు నాలుగో స్టేజ్ అని తేలాక వీటన్నిటికీ ఒకేసారి కోత పడింది. పప్పుకు కొలత, ఉప్పుకు కొలత, పండుకు కొలత. ప్రోటీన్ తగ్గితే కడుపు నిండినట్టు ఉండేది కూడా తక్కువసేపే. పదకొండు కాకముందే ఆకలి. రాత్రి అందరం పడుకున్నాక వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడు. లైటు వేస్తే, "ఏం లేదు మా, ఊరికే చూస్తాండా" అనేవాడు, గుప్పిట్లో చెనక్కాయలు పెట్టుకుని. తన ఇంట్లో తనే చాటుగా తినాల్సి రావడం చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఆ బాధను పట్టుకునే ఈ వ్యాపారం చేస్తున్నారు. నా కోపమంతా అక్కడే.

షాపులో చెప్పింది ఇది: "గ్లాసు పాలల్లో రెండు స్పూన్లు కలిపియ్యమ్మా, నాలుగు గంటలు ఆకలి అనే మాటే ఉండదు. అంతా న్యాచురల్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. ఏ స్టేజ్ వాళ్ళయినా, డయాలసిస్ వాళ్ళయినా తాగొచ్చు." కిలో 1,450 రూపాయలు. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద అంకె రాసిచ్చారు.

"ఏ స్టేజ్ వాళ్ళయినా" అన్న మాట వినగానే అక్కడి నుంచి వచ్చేయండి. డయాలసిస్ మొదలుకాని వాళ్ళకు డాక్టర్లు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాముల ప్రోటీన్ చెప్తారు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు ప్రోటీన్ ఆ ప్రక్రియలో కొంత పోతుంది కాబట్టి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి ఒక చోట 36 నుంచి 48 గ్రాములు, ఇంకో చోట 60 నుంచి 72. ఈ ఇద్దరికీ సరిపోయే ఒకే పొడి ఎలా ఉంటుంది? కిడ్నీ పేషెంట్ల కోసం నిజంగా తయారుచేసే పొడులు కూడా డయాలసిస్‌కు ముందు వేరు, డయాలసిస్‌లో వేరు. అవి కూడా డాక్టరో డైటీషియనో రాసిస్తేనే వాడాలి.

ఇక ఆ ప్యాకెట్. ముందు వైపు ఆకుపచ్చ స్టిక్కర్ మీద కిడ్నీ బొమ్మ, "కిడ్నీ ఫ్రెండ్లీ" అన్న అక్షరాలు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ స్టిక్కర్ అంచు గోటితో లేపి చూశాను. కింద మామూలు మల్టీగ్రెయిన్ హెల్త్ మిక్స్ కవరే ఉంది. అందరికీ అమ్మే పొడికే పైన కిడ్నీ బొమ్మ అంటించారు. వెనక సన్న అక్షరాల్లో, ధర స్టిక్కర్ సగం కప్పేసిన చోట, అందులో ఏమేం కలిపారో ఉంది: మొలకెత్తించిన రాగులు, పెసలు, సోయా, బాదం, అరటికాయ పొడి, మునగాకు పొడి, బెల్లం. చివర్లో "తక్కువ సోడియం ఉప్పు, పొటాషియం క్లోరైడ్".

మామూలు మనుషులకు ఇందులో చాలావరకు మంచి తిండే. కిడ్నీ దెబ్బతింటే పొటాషియం సరిగ్గా బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, అందుకే పొటాషియం తగ్గించుకోమన్న కిడ్నీ పేషెంట్‌కు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో బరువు. బియ్యంలో 100 గ్రాములకు సుమారు 100 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటే, రాగుల్లో దానికి దాదాపు నాలుగింతలు. సోయాలో ఇంకా చాలా ఎక్కువ. కూరగాయలైతే ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే కొంత పొటాషియం పోతుంది. ఆకును, కాయను ఎండబెట్టి దంచిన పొడిలో నీళ్ళు మాత్రమే పోతాయి, పొటాషియం అంతా చిక్కబడి అందులోనే ఉంటుంది. పైగా దాన్ని పాలల్లో కలపమన్నారు, పాలల్లో పొటాషియంతో పాటు, కిడ్నీ పేషెంట్లు కొలతగా తీసుకోవాల్సిన ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. ఆ ఉప్పు సంగతి మరీ ఘోరం. సోడియం తగ్గించడానికి దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇలాంటి ఉప్పు గురించి సూచనలు ఇస్తూ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు అవి వర్తించవని చెప్పింది. బీపీకి మంచిదని మామూలు షాపుల్లో కూడా ఈ ఉప్పు దొరుకుతుంది, మీ వంటింట్లో ఉన్న ప్యాకెట్ కూడా ఒకసారి తిప్పి చూడండి.

నాయనకు ముందు కాళ్ళు బరువెక్కాయి, మెట్లు ఎక్కలేకపోయాడు. నీరసమని పక్కింటివాళ్ళు కొబ్బరినీళ్ళు ఇవ్వమన్నారు. అందులోనూ పొటాషియం ఎక్కువే, అదృష్టం కొద్దీ ఇవ్వలేదు. తిండి మీద ఆశ కూడా తగ్గింది. షాపుకు ఫోన్ చేసి అడిగితే "చూశారా, పొడి పనిచేస్తోంది" అన్నారు. కిడ్నీ జబ్బులో ఆకలి చచ్చిపోవడం కూడా జబ్బు ముదిరిన లక్షణం కావచ్చని తర్వాత డాక్టర్ చెప్పారు. ఆసుపత్రిలో వెంటనే ఈసీజీ తీశారు, గుండెకు రక్షణగా కాల్షియం ఇంజెక్షన్, పొటాషియం దించడానికి గ్లూకోజ్‌తో పాటు ఇన్సులిన్ ఇచ్చారు. పొటాషియం బాగా పెరిగితే గుండె కొట్టుకునే తీరే చెడిపోతుంది, కొందరికి ముందుగా ఏ లక్షణమూ కనిపించదు. కిడ్నీ పేషెంట్లు వాడే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కూడా పొటాషియం పెంచగలవు. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపకండి. దానికి తోడు ఇలాంటి పొడి కూడా కడుపులో పడకుండా చూసుకోండి.

ఇంకో విషయం, చాలామందికి తెలియదు. మన దగ్గర ప్యాకెట్ మీద పోషకాల పట్టికలో సోడియం తప్పనిసరిగా వేయాలి, పొటాషియం మాత్రం వేయాలన్న రూల్ లేదు. కాబట్టి పట్టికలో పొటాషియం కనిపించలేదంటే లోపల లేదని కాదు. ఏమేం కలిపారన్న జాబితానే చూడాలి. పొటాషియం క్లోరైడ్‌ను కొన్నిసార్లు 508 అన్న నంబరుతో మాత్రమే రాస్తారు. సైంధవ లవణం వేశామని గొప్పగా చెప్తే అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే, కొలత తప్పదు.

మరి ఆకలికి ఏం చేయాలి? డైటీషియన్ మాకు చెప్పిన మొదటి మాట: ప్రోటీన్ తగ్గించమన్నాం గానీ కడుపు మాడ్చమనలేదు. అన్నం, నూనె, కొంచెం నెయ్యి, సగ్గుబియ్యం లాంటి వాటి నుంచి శక్తి రావాలి. సరిపడా రాకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది, మనిషి చిక్కిపోతాడు. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 25 నుంచి 35 క్యాలరీలు అవసరమంటారు. నాయన మూడు పూటల తిండిని ఐదు చిన్న పూటలు చేశాం. పదకొండు గంటల ఆకలికి బొరుగుల ఉగ్గాని బాగా పనిచేసింది. ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు, నూనె కాస్త ధారాళంగా, చింతపండు బదులు నిమ్మరసం చుక్కలు. పుట్నాలపొడి, చెనక్కాయలు వేయం. బొరుగుల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి నీళ్ళలో బాగా తడిపి పిండి, విడిగా ఉప్పు వేయకుండా చేస్తాం. సాయంత్రానికి సగ్గుబియ్యం ఉప్మా, లేదంటే ఒక ఆపిల్ ముక్క. పడుకునే ముందు చిన్న గిన్నెడు అన్నం, నెయ్యి. రాత్రి డబ్బా చప్పుళ్ళు చాలా తగ్గాయి. సంగటి పూర్తిగా మానేయలేదు, రిపోర్టు చూసి డాక్టర్ ఒప్పుకున్న రోజు చిన్న ముద్ద పెడతాం, ఆ పూట నాయన ముఖం చూడాలి. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ లెక్క వేరు, అన్నం, సగ్గుబియ్యం ఇలా పెంచకండి, మీ డైటీషియన్‌నే అడగండి.

డబ్బులు వెనక్కి అడిగితే షాపువాళ్ళు "ఓపెన్ చేసిన ప్యాకెట్ తీసుకోం" అన్నారు. 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఫుడ్ సేఫ్టీ అధికారులకు కూడా ఫోటోలతో రాశాను. ప్యాకెట్ మీద ఉండాల్సిన 14 అంకెల లైసెన్స్ నంబరు స్టిక్కర్ కింద సగమే కనిపిస్తోంది, అది కూడా రాశాను. మీరు ఏం కొన్నా బిల్లు పట్టుబట్టి తీసుకోండి, ప్యాకెట్ పారేయకండి. మా చేతిలో ఉన్న చీటీ మీద షాపు పేరు కూడా లేదు, ఇప్పుడు అదే పెద్ద తలనొప్పి.

ఇప్పటికే మీ ఇంట్లో ఇలాంటి పొడి వాడుతుంటే ఈరోజే ఆపండి. ప్యాకెట్ తీసుకుని మీ కిడ్నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్‌తో పాటు పొటాషియం పరీక్ష కూడా రాయమని అడగండి. కాళ్ళూ చేతులూ బలం తగ్గినట్టున్నా, గుండె దడగా ఉన్నా, కళ్ళు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అర్ధరాత్రయినా క్యాజువాల్టీకి తీసుకెళ్ళండి.