చెరువు గట్టు మీద ఆస్టరిస్క్: ఏడాది వాడాక

మా ఇల్లు భీమవరంలో, రొయ్యల చెరువులు కాళ్ల మండలంలో. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే చెరువు దగ్గరి మకాంలోని కాపలా మనిషి నన్ను లేపాలి. అక్కడ సెల్ సిగ్నల్ నిలవదు, కెమెరాల కోసం వేయించిన ఫైబర్ మాత్రం ఉంది. కాపలా మనిషి మారినా నంబరు మారకూడదని ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, దాన్ని టెలిఫోన్ ఎక్స్చేంజిగా మార్చే ఆస్టరిస్క్ పెట్టి, రెండు చోట్లా ఇంటర్నెట్ మీద నడిచే ఐపీ ఫోన్లు బిగించాను.

1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నాకు ఎంతో గౌరవం. ఇంటి లోపల రెండు ఫోన్లు ఒక్క సాయంత్రంలో మాట్లాడుకున్నాయి. గట్టు దాటించడానికే నెల పట్టింది.

మకాం ఫోను మొదట ఇంట్లోని ఈ సర్వర్‌కు చేరనే లేదు. ఇంటి రౌటర్‌లో చూస్తే బయటి ఇంటర్నెట్ చిరునామా 100.64తో మొదలైంది. అంటే నాకంటూ చిరునామా లేదు, ఒకదాన్నే చాలామంది చందాదారులకు పంచుతున్నారు, అందుకే బయటి నుంచి వచ్చే పిలుపు నా సర్వర్‌ను వెతుక్కోలేదు. ఈ మాట కనెక్షన్ ఇచ్చినప్పుడు ఎవరూ చెప్పలేదు. నెలనెలా అదనంగా కట్టి స్థిర చిరునామా తీసుకున్నాను.

అప్పుడు ఫోను మోగింది, మాట రాలేదు. “మీరన్నదంతా వినపడిందండి, నేను పలుకుతూనే ఉన్నాను” అన్నాడు మా మనిషి పొద్దున. పిలుపు 5060 నంబరు పోర్టులో, అంటే కనెక్షన్‌లోని ఒక ద్వారంలో వెళ్తుంది, గొంతు మాత్రం 10000 నుంచి 20000 మధ్య వేరే పోర్టుల్లో నడుస్తుంది. సర్వర్ తన ఇంటి లోపలి చిరునామానే అవతలికి చెబుతోంది కాబట్టి అతని గొంతు దారి తప్పింది. ఆస్టరిస్క్‌లో కాల్స్ సెట్టింగులుండే పీజేసిప్ ఫైలులో బయటి చిరునామా, లోపలి నెట్‌వర్కు రెండూ రాశాకే కుదిరింది. ఆ రెండు వరుసల కోసం నాలుగు రాత్రులు కూర్చున్నాను.

మకాం ఫోను కోసం రౌటర్‌లో పోర్టు తెరిచిన రాత్రే ఎవరెవరో 100, 101 లాంటి ఫోను నంబర్లతో లోపలికి రావడానికి ప్రయత్నించారు. పొడవాటి పాస్‌వర్డులు, పదేపదే తప్పు ప్రయత్నాలు చేసేవాళ్లను అడ్డుకునే ఫెయిల్‌టుబ్యాన్ లేకుండా దీన్ని బయట పెట్టవద్దు. ఐపీ ఫోనుకు బదులు సెల్‌ఫోను యాప్‌ను కూడా నమ్మలేదు. బ్యాటరీ ఆదా కోసం ఫోను దాన్ని నిద్రపుచ్చితే కాల్ మోగదు.

అన్నిటికంటే ముఖ్యం, మకాంలో ఫైబర్ పెట్టెకు, ఫోనుకు విడిగా బ్యాటరీ ఉండాలి. మొదటి కరెంటు కోతలో రెండూ ఆరిపోయి, మా మనిషి సిగ్నల్ కోసం గట్టు వెంట పరుగెత్తాడు. బ్యాటరీ పెట్టాక వచ్చిన కోతలో, మూడు నలభైకి మంచం పక్కన ఫోను మోగింది: “బాబుగారూ, జనరేటర్ అందుకోవడం లేదండి.”