నిలువెత్తు కలుపు, పాత చిన్న ట్రాక్టర్: రోటవేటరా, స్లాషరా, బ్రష్ కట్టరా?

జూన్‌లో మామిడి కోత అయిపోయాక తోటవైపు ఎవరూ పెద్దగా చూడరు. కాయ అమ్ముకున్నాం, ఇక నాట్లు, ఎరువులు, పిల్లల స్కూలు ఫీజులు. ఈలోగా నాలుగు మంచి వానలు పడతాయి. ఆగస్టు చివర తోటలో అడుగు పెట్టేసరికి నడుము దాటిన వయ్యారిభామ, దాని పక్కన తుత్తురబెండ, ఉత్తరేణి, వెంపలి, మధ్య మధ్యలో మనిషెత్తు గడ్డి. పాదులు కనిపించవు. డ్రిప్ పైపు ఏ వరుసలో ఆపామో గుర్తు తెచ్చుకోవాలి.

నూజివీడు దగ్గర ఎర్ర నేలలో మాకు నాలుగెకరాల తోట ఉంది. మా బాబాయి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 25 హెచ్‌పీ ట్రాక్టరే ఇప్పటికీ మా బండి. ఏటా ఆగస్టులో తోట గట్టు మీద నిలబడి అదే ప్రశ్న వేసుకుంటాం: దీన్ని దేనితో కొట్టాలి? ఊళ్ళో అడిగితే ఎక్కువమంది రోటవేటర్ అంటారు. కుర్రాళ్ళు భుజాన తగిలించుకుని కోసే బ్రష్ కట్టర్ అంటారు. నేను ఈ రెండూ చేసి చూసి, చివరికి స్లాషర్ దగ్గర ఆగాను. ఎందుకో చెబుతాను. మీ బండి, మీ నేల వేరైతే మీ జవాబు కూడా మారవచ్చు.

ముందు బండి సంగతి. పాత చిన్న ట్రాక్టర్‌లో చూడాల్సింది హెచ్‌పీ ఒక్కటే కాదు. ఇంజన్ 25 అంటే పీటీఓ (వెనక పనిముట్టును తిప్పే షాఫ్ట్) దగ్గరికి వచ్చేది 21, 22. అదీ ఇంజన్ మంచిగా ఉంటేనే. స్వరాజ్ 717, మహీంద్రా యువరాజ్ 215 లాంటి 15 హెచ్‌పీ బళ్ళయితే ఇంకా తక్కువ వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది క్లచ్. డ్యూయల్ క్లచ్ ఉన్న బండిలో పెడల్ సగం నొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. పాత బళ్ళలో చాలావాటికి ఒకే క్లచ్. నొక్కితే రెండూ ఆగాలి. నిలువెత్తు కలుపులో పని తేలికవడం, కష్టమవడం చాలావరకు ఈ తేడా మీదే ఉంటుంది.

రోటవేటర్

రోటవేటర్ మీద నాకు కోపం లేదు. వరి మడికి, పత్తి పీకిన చేనుకు అది మంచి పనిముట్టు. కానీ దాని పని మట్టిని తిప్పడం. నిలబడి ఉన్న మొక్కను కోయడానికి దాన్ని తయారు చేయలేదు. నడుమెత్తు కలుపులోకి దింపితే ఏమవుతుందో మూడేళ్ళ క్రితం చూశాను. ఇరవై గజాలు వెళ్ళేసరికి బండి గొంతు మారింది. దిగి చూస్తే రోటర్ చుట్టూ తుత్తురబెండ కాడలు తాడు పేనినట్టు చుట్టుకుని ఉన్నాయి. తుత్తురబెండ బెరడు నారలాంటిది, తెగదు. ఇంజన్ ఆపేసి, లిఫ్ట్ కింద మొద్దు పెట్టి, కొడవలితో కోసి కోసి లాగడానికి ముప్పావు గంట పట్టింది. మళ్ళీ ఇరవై గజాలకు మళ్ళీ అదే. ఆ పూటంతా అరెకరం కూడా కాలేదు.

కలుపు చిన్నదిగా ఉన్నప్పుడు, మోకాలి కిందున్నప్పుడు, రోటవేటర్ చక్కగా పని చేస్తుంది. నేల ఎర్రగా తేలి, చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రమే మనల్ని మోసం చేస్తుంది. తుంగ ఉన్న నేలలో రోటవేటర్ తిప్పితే భూమిలోని గడ్డలు తెగి, విడిపోయి తోటంతా పాకుతాయి. గరిక కూడా అంతే, తెగిన ప్రతి కణుపూ ఒక కొత్త మొక్క. మా తోటలో ఉత్తరం వైపు మూల ఒక్కచోటే ఉన్న తుంగ రెండేళ్ళలో సగం తోటకు ఎక్కింది. అది రోటవేటర్ చలవే.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. మామిడికి తిండి అందించే పీచు వేర్లు పైపైనే ఉంటాయి. చెట్టు నీడ పడినంత మేరా అవే. అక్కడ ఏటా కత్తులు తిప్పితే చెట్టు అరవదు, కాపులో చూపిస్తుంది. వాన నీరు ఇంకడానికి తోట దున్నడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే, కాదనను. దున్నేవాళ్ళు వరుసల మధ్యే దున్నేవాళ్ళు, చెట్టు కిందికి వెళ్ళేవాళ్ళు కాదు. వాలు నేలయితే మరీ జాగ్రత్త. తిప్పిన మర్నాడు పెద్ద వాన పడితే పైమట్టి కాలవలో ఉంటుంది.

స్లాషర్

స్లాషర్ అంటే పెద్ద విడ్డూరమేమీ కాదు. వెనక మూడు పాయింట్లకు తగిలించే ఒక రేకు పెట్టె, పైన గేర్ బాక్సు, కింద తిరిగే రెండు మూడు కత్తులు. కత్తి బోల్టు మీద వదులుగా ఊగుతుంది, రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటుంది. మట్టిని ముట్టుకోదు. మొక్కను అడ్డంగా నరికి అక్కడే పరుస్తుంది. రోటవేటర్ కంటే భాగాలు తక్కువ, రిపేరు తక్కువ, ధర కూడా తక్కువే.

కొనేటప్పుడు వెడల్పు దగ్గర ఆశపడొద్దు. అడుగు వెడల్పుకు 5 హెచ్‌పీ లెక్క వేసుకుంటే ఇబ్బంది ఉండదు. 25 హెచ్‌పీ బండికి నాలుగు అడుగులు చాలు, ఒక అడుగుకు సరిపడా శక్తి మిగులుతుంది. ముదిరిన కలుపులో ఆ మిగులే మనల్ని కాపాడుతుంది. 15 హెచ్‌పీకి మూడడుగులు దాటొద్దు. నాలుగు అడుగుల స్లాషర్‌తో గంటకు 3 కిలోమీటర్ల నడకన పోతే కాగితం మీద గంటకు ఎకరానికి కాస్త తక్కువ వస్తుంది. మలుపులు, చెట్ల చుట్టూ తిరగడం కలిపితే మాకు ఎకరానికి గంటన్నర. నిలువెత్తు కలుపయితే రెండుసార్లు తిరగాలి కాబట్టి మూడు గంటల పైనే.

రెండుసార్లు అన్నాను కదా, అది తప్పదు. మొదటిసారి లిఫ్ట్ పైకెత్తి జానెడు పైన కోయాలి, అదీ సగం వెడల్పుతో. గేరు అన్నిటికంటే నెమ్మదిది, లో-ఫస్టు; యాక్సిలరేటర్ మాత్రం పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగే దగ్గర. చాలామంది ఇక్కడే తిరగేసి చేస్తారు, గేరు పెంచి ఇంజన్ తగ్గిస్తారు. అప్పుడు కత్తి వేగం పడిపోతుంది, మొక్కను నరకదు, వంచి చీలుస్తుంది. వారం ఆగి, కోసినది వాడిపోయాక, రెండోసారి నాలుగు వేళ్ళ ఎత్తులో తిరిగితే తోట నడవడానికి వస్తుంది. బండి ముందు చక్రాలు కలుపును పడుకోబెట్టేస్తే కొందరు రివర్స్‌లో కొడతారు. అలా బాగానే తెగుతుంది కానీ వెనక ఏముందో కనిపించదు. ముందుగా నడిచి చూసిన చోటయితేనే చేయండి.

ఇప్పుడు క్లచ్ కథ. మొదటి ఏడాది నాకు తెలియదు. వరుస చివర గట్టు దగ్గర క్లచ్ నొక్కాను, బండి ఆగలేదు! ఇంకా గట్టిగా నొక్కాను. బండి అదే వేగంతో ముందుకు పోయి గట్టెక్కి, రెండేళ్ళ బంగినపల్లి మొక్కను తొక్కి ఆగింది. గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. మా మెకానిక్ విని నవ్వలేదు. "బండి తప్పేం లేదు బాబూ. క్లచ్ నొక్కితే ఇంజన్ విడిపోయింది. కానీ కింద తిరిగే కత్తుల బరువు ఉందే, అది పీటీఓ షాఫ్ట్ లోంచి గేర్ బాక్సును తిప్పింది. గేర్ బాక్సు చక్రాల్ని తిప్పింది. షాఫ్ట్‌కి ఓవర్ రన్నింగ్ క్లచ్ పెట్టించుకో" అన్నాడు. అరచేతిలో పట్టే ఇనప ముక్క అది. సైకిల్ ఫ్రీవీల్ లాగే పని చేస్తుంది: ఇంజన్ కత్తుల్ని తిప్పగలదు, కత్తులు ఇంజన్ వైపు తిప్పలేవు. ఒకే క్లచ్ ఉన్న పాత బండికి స్లాషర్ తగిలించేవాళ్ళు ఇది లేకుండా తోటలోకి దిగొద్దు. ఇది మాత్రం చేతులు పట్టుకుని చెబుతున్నా. షాఫ్ట్‌లో షియర్ బోల్టు (బరువెక్కితే ముందు తనే తెగేది) కూడా కంపెనీ చెప్పిన రకమే వేయండి. తెగుతోందని గట్టి బోల్టు బిగిస్తే తర్వాత తెగేది గేర్ బాక్సు.

ఒకే క్లచ్‌తో ఇంకో చిక్కుంది. కలుపు ఒత్తుగా వచ్చి ఇంజన్ అణిగిపోతుంటే బండిని ఆపి కత్తుల్ని తిరగనివ్వాలి. కానీ క్లచ్ నొక్కితే కత్తులకూ శక్తి ఆగిపోతుంది. కాబట్టి నొక్కి, వెంటనే న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదలాలి. అప్పుడు కత్తులు తేరుకుని కింద ఉన్నదంతా నరికేస్తాయి. ఒక పూట అలవాటు పడితే కాలు దానంతట అదే చేస్తుంది.

స్లాషర్ భయం రాళ్ళతో. చిన్న కంకర తగిలినా తుపాకి గుండులా పోతుంది. వెనకాల, పక్కల గొలుసుల గార్డు ఉండాలి, పని జరిగేటప్పుడు తోటలో మనుషులు, పశువులు, ముఖ్యంగా పిల్లలు ఉండకూడదు. మేం ముందు రోజు గంబూట్లు వేసుకుని కర్రతో కొట్టుకుంటూ వరుసలన్నీ నడుస్తాం. పాములు తప్పుకుంటాయి, మనకూ నేల తెలుస్తుంది. చెద పుట్ట, సర్వే రాయి, వదిలేసిన బోరు గొట్టం, వాల్వు, ఇలా కనిపించిన ప్రతిచోటా ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతుతాం. కలుపులో దాగిన పుట్ట మీదకు ఒక చక్రం ఎక్కితే చిన్న ట్రాక్టర్ ఎంత తేలికగా పక్కకు ఒరుగుతుందో ఒరిగినవాళ్ళకే తెలుసు.

రేడియేటర్ సంగతి మరవొద్దు. వయ్యారిభామ పూత, గడ్డి నూగు కలిసి జాలీని దుప్పటిలా కప్పేస్తాయి. అరగంటకోసారి దిగి చేత్తో తుడవాలి. మేం ముందు దోమతెర కట్టుకుంటాం, దులిపితే చాలు. పాత బళ్ళలో ఎయిర్ క్లీనర్ ఆయిల్ గిన్నెది. సాయంత్రం విప్పి చూడండి, అడుగున బురద ఉంటుంది.

బ్రష్ కట్టర్

పాదుల్లో, మొదళ్ళ దగ్గర, కంచె వెంబడి, డ్రిప్ పక్కన దీనికి పోటీ లేదు. ట్రాక్టర్ ఎంత చిన్నదైనా కొమ్మల కిందికి వెళ్ళదు, వెళ్ళనివ్వకూడదు. కానీ నాలుగెకరాల నిలువెత్తు కలుపు మొత్తం భుజాన మోసి కొట్టాలంటే మనిషి అయిపోతాడు. మాకు ఎకరానికి ఒక రోజు పైనే పట్టింది, కూలి, పెట్రోలు వేరే. అరెకరం, ఎకరం తోట ఉన్నవాళ్ళకు మాత్రం ట్రాక్టర్ గొడవే వద్దు, ఇదే మేలు. ఒక్క జాగ్రత్త: చిన్న మొక్కల మొదలుకు కట్టర్‌లో తిరిగే తీగ తగిలి బెరడు చుట్టూ లేచిపోతే మొక్క ఎండిపోతుంది. మొదలు దగ్గర జానెడు మేర చేత్తోనే పీకండి.

మల్చర్ గురించి కూడా అడుగుతారు. పని చూస్తే అన్నిటికంటే అదే అందంగా చేస్తుంది, కాడలన్నీ పొడి చేసి పరుస్తుంది. కానీ బరువు, దానికి కావలసిన శక్తి మన బండివి కావు. 45, 50 హెచ్‌పీ బండితో అద్దెకు దొరికితే పూట పని చేయించుకోండి. మందు కొట్టడం నా లెక్కలో లేదు. నిలువెత్తు కలుపుకు కొడితే ఎండిన కంప అలాగే నిలబడి ఉంటుంది, దాన్నీ కోయాల్సిందే. పైగా గ్లైఫోసేట్ అనే కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది.

ఎప్పుడు కొట్టాలి

దేనితో కొట్టినా వయ్యారిభామ పూత విప్పక ముందే కొట్టాలి. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. పూసిన తర్వాత స్లాషర్ తిప్పితే ఆ గింజలు మనమే చల్లినట్టు. కోసినా మొదలు దగ్గర మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి నెలకు ఇంకో కోత ఉంటుందని ముందే లెక్కలో పెట్టుకోండి. పుప్పొడి ఒంటికి పడనివాళ్ళకు దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పొడుగు చేతుల చొక్కా, మాస్కు లేకుండా బండెక్కొద్దు. ఇంటి చుట్టూ ఉన్నది మాత్రం వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉండగా, గ్లవుజులు వేసుకుని వేళ్ళతో సహా పీకేయడమే మంచిది.

కోసిన కలుపు పూత లేనిదైతే తగలబెట్టకండి. అది వాడిపోయిన తర్వాత మేం పాదుల్లోకి లాగి, మొదలుకు తగలకుండా పరుస్తాం. మార్చిలో ఆ ఎండు పొర ఎత్తి చూస్తే కింద మట్టి ఇంకా చల్లగా ఉంటుంది, వానపాములు కనిపిస్తాయి. రోటవేటర్ తిప్పిన ఏడు అదే నెలలో అక్కడ గునపం కూడా దిగలేదు.

మా పక్క తోట మావయ్యది 15 హెచ్‌పీ బండి. మొన్న ఎవరో అయిదడుగుల స్లాషర్ చవగ్గా ఇస్తున్నారని బయానా ఇవ్వబోయారు. "వద్దు మావయ్యా, బండి ఇంజన్ పోతుంది" అని ఆపాను. పాదులు ఆయన బ్రష్ కట్టర్‌తో చూసుకుంటారు, వరుసలు మా నాలుగడుగుల దానితో నేను కొట్టిపెడతాను, డీజిల్ ఆయనది. ఈ ఆదివారం సాయంత్రం ఇద్దరం కర్రలు, ఎర్ర గుడ్డలు పట్టుకుని రెండు తోటలూ నడవాలి. వాళ్ళ తోటలో పాత బోరు గొట్టం ఎక్కడుందో ఆయనకే సరిగా గుర్తు లేదట.