ఒకుమా దారా, ఇటో దారా: 1881లో జపాన్‌కు ఏది మేలు?

మెయిజీ చక్రవర్తి కాలపు (1868–1912) జపాన్ గురించి ఎప్పుడు రాసినా పాఠకుల నుంచి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది. మంత్రులు చక్రవర్తికి జవాబు చెప్పే ప్రష్యా (జర్మన్ రాజ్యం) తరహా రాజ్యాంగం కాకుండా, మంత్రివర్గం సభకు జవాబు చెప్పే బ్రిటిష్ తరహాది తెచ్చుకుని ఉంటే జపాన్‌కు మేలు జరిగేదా? సివిల్స్‌కు చదివే పిల్లలు అడుగుతారు, రెండో ప్రపంచయుద్ధం మీద ఆసక్తి ఉన్న పెద్దవాళ్లూ అడుగుతారు. సైనిక పాలకుడైన షోగన్ దిగిపోవడం, 1871లో సామంత ప్రభువుల సంస్థానాల రద్దు, 1877లో సత్సుమా సంస్థానపు మాజీ సమురాయ్‌ల (యోధుల) తిరుగుబాటు పక్కనపెట్టి నేరుగా 1881కి వస్తాను.

కొత్త ప్రభుత్వాన్ని నిలబెట్టిన కిడో, సైగో, ఒకుబో ముగ్గురూ అప్పటికే చనిపోయారు. శాసనసభ కావాలన్న ఒత్తిడి 1874లో ప్రభుత్వం నుంచి బయటికొచ్చిన ఇటగాకి బృందం ఇచ్చిన విజ్ఞాపన నాటి నుంచీ పెరుగుతూనే ఉంది. సభ వద్దని గట్టిగా అనగలిగే పరిస్థితి ఎవరికీ లేదు. తేలాల్సినవల్లా ఎప్పుడు, ఎలాంటి సభ అన్న రెండే.

ప్రభుత్వ పెద్దల్లో ఒకడైన, హిజెన్ సంస్థానం నుంచి వచ్చిన ఒకుమా షిగెనోబు మార్చిలో తన సమాధానం రాసిచ్చాడు. 1882 చివరికి ఎన్నికలు, 1883 మొదట్లో సభ. సభలో ఎక్కువమంది ఎవరి వైపు ఉంటే వారిదే మంత్రివర్గం, బలం పోతే దిగిపోవాలి. సైనికాధికారులు, పోలీసులు, న్యాయమూర్తులు మాత్రం పార్టీలతో పాటు మారకుండా తటస్థంగా ఉండాలి. తనకు చెప్పకుండా ఇంత దూకుడు ప్రతిపాదన పెట్టినందుకు చోషూ సంస్థానానికి చెందిన మరో పెద్ద ఇటో హిరోబుమి మండిపడ్డాడు. ఆస్థాన ప్రభువర్గానికి చెందిన మంత్రి ఇవాకురా తోమోమి ఊరుకోలేదు. అధికారి ఇనొవె కోవాషి చేత, జర్మన్ న్యాయనిపుణుడు రోస్లర్ సలహాతో, ప్రష్యా తరహా ప్రతిపాదన తయారు చేయించాడు. అందులో మంత్రులు జవాబు చెప్పాల్సింది చక్రవర్తికే, సభకు కాదు.

ఆ వేసవిలోనే ఉత్తరాది దీవి హొక్కైడోలో ఒక కుంభకోణం బయటపడింది. సుమారు 1.4 కోట్ల యెన్‌లు ఖర్చుపెట్టి పెంచిన ప్రభుత్వ ఆస్తులను దాదాపు 3.9 లక్షలకు, వడ్డీ లేకుండా 30 ఏళ్ల వాయిదాల మీద అయినవాళ్లకు కట్టబెట్టబోయారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఈ అల్లరి వెనుక ఒకుమా ఉన్నాడని అనుమానించి అక్టోబరులో అతన్ని గెంటేశారు. 1890లో సభ ఏర్పాటు చేస్తామని చక్రవర్తి పేరిట ప్రకటన ఇచ్చారు. ఇటో యూరప్ వెళ్లి బెర్లిన్‌లో న్యాయపండితుడు గ్నైస్ట్ దగ్గర, వియన్నాలో మరో పండితుడు స్టైన్ దగ్గర పాఠాలు విని వచ్చాడు. 1889 ఫిబ్రవరి 11న రాజ్యాంగం వెలువడింది.

ముందు ఇటో వైపు న్యాయం చెప్పాలి. పార్టీలు అప్పుడప్పుడే పుడుతున్నాయి. వాటిలో చాలావరకు సంస్థానాల నాటి కక్షలు మోసుకొచ్చిన మాజీ సమురాయ్‌లే. హడావిడిగా తెచ్చిన రాజ్యాంగం ఏమవుతుందో ఒట్టోమన్ సామ్రాజ్యం కళ్లముందే చూపించింది: 1876లో ఇచ్చారు, 1878లో అటకెక్కించారు. జపాన్ రాజ్యాంగం అమలు మాత్రం ఒక్క ఏడాది కూడా నిలిచిపోలేదు, అది చిన్న విషయం కాదు. ఒకుమా 1898లో ప్రధాని అయినప్పుడు అతని పార్టీ మంత్రివర్గం సొంత తగవులతోనే నాలుగు నెలల్లో కూలింది. పదిహేనేళ్లు ముందే ఆ ప్రయోగం జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. పైగా ఇటో రాజ్యాంగం సభను ఉత్సవ విగ్రహంగా ఏమీ పెట్టలేదు. కొత్త బడ్జెట్‌కు సభ ఒప్పుకోకపోతే పాత ఏడాది బడ్జెట్‌తోనే సరిపెట్టుకోవాలి. ఏటేటా ఖర్చు పెరిగే ప్రభుత్వానికి అది గొంతు మీద కత్తే.

ఇక్కడిదాకా చదివితే ఇటోదే మేలనిపిస్తుంది. కానీ ఈ చర్చ ఎప్పుడూ చక్రవర్తి, సభ అనే జంట చుట్టూనే తిరుగుతుంది. నా దృష్టిలో తేల్చాల్సింది వేరే: సైన్యం ఎవరి మాట వినాలి?

1878 ఆగస్టులో టోక్యోలోని తకెబాషి దగ్గర చక్రవర్తి అంగరక్షక దళమే జీతాలు, బహుమానాల విషయంలో తిరగబడింది. రాజకీయాల గాలి సైన్యానికి సోకకూడదని సైన్యంలో పెద్దవాడైన యమగాటా అరితోమో భావించాడు. ఆ డిసెంబరులో, యుద్ధవ్యూహాలు చూసే జనరల్ స్టాఫ్‌ను ప్రభుత్వం నుంచి వేరు చేసి నేరుగా చక్రవర్తి కిందికి తెచ్చారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. 1889 రాజ్యాంగం 11వ అధికరణం దాన్నే ఖాయం చేసింది: సైన్యం, నౌకాదళం మీద సర్వాధికారం చక్రవర్తిది. 55వ అధికరణం ప్రకారం మంత్రులు ఎవరికి వారే చక్రవర్తికి జవాబుదారీ. ప్రధానమంత్రి, మంత్రివర్గం అన్న మాటలే ఆ రాజ్యాంగంలో లేవు. చక్రవర్తి స్వయంగా నిర్ణయాలు తీసుకునేవాడు కాడు కాబట్టి, సైన్యం ఆచరణలో ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా పోయింది.

1900లో యమగాటా ఇంకో మెలిక పెట్టాడు. యుద్ధమంత్రి, నౌకామంత్రి సర్వీసులో ఉన్న ఉన్నతాధికారులే కావాలన్నాడు. 1912లో సైన్యానికి రెండు కొత్త డివిజన్లు (పెద్ద దళాలు) ఇవ్వలేదని యుద్ధమంత్రి రాజీనామా చేస్తే, సైన్యం ఇంకొకర్ని పంపలేదు, యుద్ధమంత్రి లేక ప్రధాని సైయోంజి ప్రభుత్వం పడిపోయింది. ఆ నిబంధనను 1913లో సడలించి 1936లో మళ్లీ బిగించారు. 1937 జనవరిలో ప్రభుత్వం ఏర్పాటు చేయమని సాక్షాత్తూ చక్రవర్తే జనరల్ ఉగాకిని ఆదేశించినా సైన్యం మంత్రిని ఇవ్వలేదు, ఆయన తప్పుకున్నాడు. చక్రవర్తి సర్వాధికారం పేరుతో మొదలైన ఏర్పాటు చక్రవర్తి మాటనే చెల్లనివ్వలేదు.

ఇటోకు ఈ ప్రమాదం తెలియక కాదు. 1900లో తానే సెయుకై పార్టీ పెట్టాడు. 1907లో చక్రవర్తి ఉత్తర్వులన్నిటి మీదా ప్రధాని సంతకం ఉండేలా నిబంధన తెప్పించాడు. యమగాటా వెంటనే సైనిక ఉత్తర్వులకు ప్రధాని సంతకం అక్కర్లేని వేరే దారి తెరిపించుకున్నాడు. రాజ్యాంగం రాసినవాడికే దాన్ని సరిచేయడం చేతకాలేదంటే లోపం ఎంత లోతైనదో చూడండి.

ఒకుమా దారిలో యమగాటా అడ్డుపడేవాడు కాదా? తప్పకుండా పడేవాడు. జనరల్ స్టాఫ్ అప్పటికే ఉంది, దాన్ని కదపడం ఒక్క ఏడాది పని కాదు. అయినా మంత్రివర్గమంతా కలిసి సభకు జవాబుదారీ అని రాజ్యాంగంలో ఉంటే, 1930లో యుద్ధనౌకలకు పరిమితి పెట్టిన లండన్ నౌకా ఒప్పందం మీద ప్రధాని హమగుచికి నిలబడడానికి కాళ్ల కింద నేల ఉండేది. అతని ప్రత్యర్థులు ఎత్తిన ఆయుధమే ఆ 11వ అధికరణం.

మూడో దారి ప్రజాహక్కుల ఉద్యమకారుడు ఉయెకి ఎమోరిది: ప్రభుత్వం దారి తప్పితే ఎదిరించే హక్కు ప్రజలదని 1881లోనే ముసాయిదాలో రాశాడు. టోక్యోకు పడమర ఇత్సుకాయిచి కొండ ప్రాంతంలో బడిపంతులు చిబా తకుసబురో రాసిన 204 అధికరణాల ముసాయిదా 1968లో ఒక పాత గిడ్డంగిలో దొరికింది. చదవదగ్గవే, కానీ ఆనాడు అమలయ్యే అవకాశం లేనివి.

నన్నడిగితే గడువు ఇటోది, నిర్మాణం ఒకుమాది. రెండేళ్లలో ఎన్నికలు తొందరపాటే, తొమ్మిదేళ్ల సన్నాహం మంచిదే. ఆ తొమ్మిదేళ్లూ బ్రిటిష్ తరహా మంత్రివర్గానికి సిద్ధం కావడానికి వాడుకోకూడదని ఎక్కడా లేదు. గడువునూ నమూనానూ ముడివేసింది ఒకుమా మీద కోపమే. 1947లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 66వ అధికరణం ఆ ముడి విప్పింది: మంత్రులంతా పౌరులై ఉండాలి, మంత్రివర్గం సమష్టిగా పార్లమెంటుకు జవాబు చెప్పాలి.