గోంగూర మాంసానికి సాంజోవేజే

బెంగళూరులో షాపుకెళ్లి మంచి రెడ్ వైన్ కావాలంటే ముందు చేతికిచ్చేది క్యాబర్నే సావిన్యోన్, లేదంటే షిరాజ్. రెండూ గొప్ప ద్రాక్షలే, కాదనను. కానీ కొన్నేళ్లుగా మారతహళ్లిలో మా ఇంట్లో, మన వంటలతోనే వైన్ తాగుతూ వచ్చాక నా అభిప్రాయం గట్టిపడింది. పులుపూ కారమూ ఉన్న తెలుగు భోజనానికి ఆ రెండింటికన్నా సాంజోవేజే ఎంతో బాగా నప్పుతుంది. ఈ పేరు మనలో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

సాంజోవేజే ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ద్రాక్ష. లేబుల్ మీద అక్కడి పేరున్న వైన్ కియాంటీ క్లాసికో అని వేసుకోవాలంటే ఆ వైన్‌లో కనీసం 80 శాతం ఇదే ఉండాలి. మన దేశంలో మహారాష్ట్ర సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి అనే వైన్ కంపెనీ వాళ్లు పండిస్తున్నారు. కర్ణాటకలో హంపి హిల్స్ పేరుతో వచ్చే క్రిస్మా వాళ్ల వైన్లలోనూ ఉంది. కొప్పళ జిల్లాలోని ఆ తోట వేసింది చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు, మన హైదరాబాద్ వాళ్లే. ఇక్కడి వాతావరణంలో తీగకు చలికాలపు నిద్ర ఉండదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక్క పంటే తీస్తారు. యూరప్‌లో ద్రాక్ష కోసేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అయితే ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా.

గ్లాసులో పోస్తే రంగు మరీ చిక్కగా ఉండదు, వెనక వేలు పెడితే కనిపిస్తుంది. పుల్లటి చెర్రీ వాసన, దాని వెనకే టమాటా ఆకు నలిపినప్పుడు వచ్చే పచ్చి వాసన కొద్దిగా. నోట్లో ముందు పులుపు తగులుతుంది. ఆ తర్వాత చిగుళ్ల మీద పచ్చి అరటికాయ కొరికినట్టు వగరు పడుతుంది. ఆ వగరే టానిన్, ద్రాక్ష తొక్క నుంచీ గింజ నుంచీ వచ్చేది.

ఒట్టిగా తాగితే ఇది అందరికీ నచ్చదు. మా బావమరిది మొదటి గుక్కకే "ఏంటి బావా, ఇంత పుల్లగా ఉంది?" అన్నాడు. ముందు గోంగూర మాంసం ఓ ముద్ద తిని, తర్వాత తాగమన్నాను. రెండో గ్లాసు తనే పోసుకున్నాడు. దీనికి కారణం ఉంది. బాగా పుల్లటి కూర తిన్నాక పులుపు తక్కువున్న వైన్ తాగితే చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. గోంగూరకు ఎదురు నిలవాలంటే వైన్‌లోనూ పులుపుండాలి. సాంజోవేజేలో అది పుష్కలం. మాంసంలోని కొవ్వు, ఉప్పు కలిసి వగరును మెత్తబరుస్తాయి. అదే కారం అయితే ఆల్కహాల్ మంటను పెంచుతుంది, టానిన్‌ను గరుకు చేస్తుంది. అందుకే ఆల్కహాల్ 14 శాతం దాకా ఉండే షిరాజ్ మన కూరలతో గొంతు మండిస్తుంది. చేపల పులుసుతో మాత్రం సాంజోవేజే కూడా నాకు కుదరలేదు, నోట్లో ఇనుము రుచి మిగిలింది. గుంటూరు మిరప దట్టించిన కోడి వేపుడుకు ఏ రెడ్ వైనూ సరిపడలేదు.

ఇన్నేళ్లలో రుచిని అన్నిటికన్నా ఎక్కువ మార్చింది ఫ్రిజ్. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలని అందరూ అంటారు. అది చలిదేశపు గది మాట. ఏప్రిల్‌లో మన ఇల్లు 28 డిగ్రీలుంటుంది, ఆ వేడిలో ఆల్కహాల్ వాసన తప్ప మరేమీ తెలియదు. తాగే ముందు గంటన్నర పాటు ఫ్రిజ్‌లో పెట్టి 16 డిగ్రీల దగ్గరికి తెస్తే అదే సీసా వేరే వైన్ అయిపోతుంది. మూత తీశాక కూడా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. సాంజోవేజే రెండో రోజు ఇంకాస్త విచ్చుకుని బాగుంటుంది. నాలుగో రోజుకి వెనిగర్ వాసన మొదలవుతుంది.

కొనేటప్పుడు షాపు చూసి కొనండి. ఒకచోట అద్దాల బీరువాలో, పైన వేడి లైటు కింద నిలబెట్టిన సీసా తెచ్చాను. పండు వాసనంతా పోయి, ఉడకబెట్టిన ఎండుద్రాక్ష వాసన మిగిలింది. తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. కార్కు పైకి తన్నుకొచ్చినా, మూత చుట్టూ జిగురుగా ఉన్నా అది ఎండ తిన్న సీసా. వదిలేయండి.

ఇక మిగతా ద్రాక్షలు. గ్రోవర్ జంపా అనే మన దేశపు కంపెనీ వాళ్ల షేన్ అనే వైన్‌లో టెంప్రనిల్లో, షిరాజ్ ద్రాక్షలు కలుస్తాయి. ఓక్ పీపా వాసన కాస్త ఎక్కువే. మిరియాల మాంసం వేపుడుతో బ్రహ్మాండం, పులుసుకు వద్దు. దక్షిణాఫ్రికా పినోటాజ్‌లో పొగ వాసన నాకు ఎక్కలేదు. చిలీ కార్మెనేర్ అంటే మాత్రం నాకు చాలా ఇష్టం. పుట్టింది ఫ్రాన్స్‌లోని బోర్డోలో. అక్కడ దాదాపు అంతరించిపోయింది. చిలీ రైతులు దాన్ని మెర్లో అనే మరో ద్రాక్ష అనుకుని ఏళ్ల తరబడి పండించారు. 1994లో జాన్ మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి ద్రాక్ష నిపుణుడు తోటలో తీగలు చూసి ఇది మెర్లో కాదని తేల్చాడు. క్యాప్సికమ్ వాసన స్పష్టంగా ఉంటుంది. గుత్తివంకాయ కూరతో తాగి చూడండి, శాకాహారంతో ఇంతగా కలిసిన రెడ్ నాకు ఇంకోటి దొరకలేదు. బాధల్లా ధర దగ్గరే. ఏళ్లుగా 150 శాతం కస్టమ్స్ సుంకం మోసిన విదేశీ సీసాతో ప్రయోగాలు చేయడానికి చేయి రాదు.

జార్జియాలో మెడిసిన్ చదివే మా పెద్దమ్మ మనవడు సెలవులకొచ్చినప్పుడు త్బిలిసీ నుంచి సపెరావి అనే ద్రాక్ష వైన్ తెచ్చాడు. ఎర్ర ద్రాక్షల్లో చాలావాటికి తొక్కలోనే రంగు, లోపల గుజ్జు తెల్లగా ఉంటుంది. సపెరావికి గుజ్జు కూడా ఎరుపే. గ్లాసులో సిరా పోసినంత నలుపు, పళ్లకు రంగు అంటుకుంది. పులుపూ గట్టిగానే ఉంది. ఇది మన షాపుల్లో మామూలుగా దొరికే రోజు రావాలని నా కోరిక.

బెంగళూరు బ్లూ గురించి చెప్పకపోతే ఈ ఊరికి అన్యాయం. సీజన్‌లో బండ్ల మీద పోసి అమ్మే నల్లద్రాక్ష అదే. నొక్కితే గుజ్జు జారి నోట్లో పడుతుంది, మందపాటి తొక్క వేళ్లలో ఉండిపోతుంది. ఈ ప్రాంతపు ప్రత్యేక పంటగా జీఐ గుర్తింపు కూడా ఉంది. జ్యూస్‌కి దీన్ని మించింది లేదు. దీంతో చేసే తియ్యటి చవక వైన్ తాగి, రెడ్ వైన్ అంటే ఇంతే అనుకుని వదిలేసినవాళ్లు మనలో చాలామంది. దయచేసి దాంతో తీర్పు చెప్పకండి.

మొదటిసారి కొనేవాళ్లు ఫ్రాటెల్లి సాంజోవేజే తీసుకోండి, ఖరీదైనదేమీ అక్కర్లేదు. నచ్చితే తర్వాత వాళ్లదే సెట్టె అనే వైన్. అందులో సాంజోవేజేకి క్యాబర్నే తోడవుతుంది, ఇంకాస్త గట్టిగా ఉంటుంది కాబట్టి ఆదివారం మటన్ పలావ్‌కి అదే తీయండి.