ఆక్సిజన్ పైపుతో ఇంటికొచ్చిన పాప: ఊళ్లో తల్లిగారిల్లు మేలా, నల్గొండలో కిరాయి ఇల్లు మేలా?

దేవరకొండలో నాది మోటర్ వైండింగ్ షాపు. పసిపిల్లల సంగతి నాకెందుకు అనుకోకండి. మా అక్క బిడ్డ 29 వారాలకే పుట్టింది. పుట్టినప్పుడు 1,150 గ్రాములు. హైదరాబాద్‌లో ఆస్పత్రిలో 62 రోజులు ఉంది. మార్చిలో ఇంటికి పంపేటప్పుడు రెండు కిలోలకు కొంచెం తక్కువ బరువు, ముక్కుకు సన్నటి ఆక్సిజన్ పైపు. ఊపిరితిత్తులు ఇంకా కుదురుకోలేదు, కొన్ని వారాలు ఇంట్లో కూడా ఆక్సిజన్ పెట్టాల్సిందే అన్నారు. డిశ్చార్జ్ రేపనగా మా ఇంట్లో ఒకటే పంచాయితీ: పాపను ఎక్కడికి తీసుకుపోవాలి?

"కాన్పయిన పిల్ల తల్లిగారింటికి రాక ఎక్కడికి పోతది?" అని అమ్మ. మా ఊరు దేవరకొండ నుంచి 14 కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. బావేమో నల్గొండలో పిల్లల డాక్టరుకు దగ్గరగా ఇల్లు కిరాయికి చూద్దామన్నాడు. ఇంకొందరు హైదరాబాద్‌లోనే ఉండిపొమ్మన్నారు. డబ్బులు, మనుషులు ఉన్నవాళ్లకు అదే అన్నిటికన్నా ధీమా. మాకు రెండూ లేవు కాబట్టి ఆ మాట అక్కడితో ఆపేశాం.

మొదట అందరం కిలోమీటర్లు లెక్కపెట్టాం. 34 వారాలలోపు పుట్టిన పిల్లలకు, 2 కిలోలలోపు పుట్టిన పిల్లలకు 30 రోజుల్లోపే కంటి లోపలి పొరను పరీక్ష చేయించాలి. ఆ పొర పూర్తిగా ఎదిగేదాకా డాక్టరు చెప్పిన తేదీలకు మళ్లీ మళ్లీ చూపించాలి. మా పాపకు అది హైదరాబాద్‌లోనే. తీరా చూస్తే మా ఊరి నుంచి మల్లేపల్లి మీదుగా సాగర్ రోడ్డు ఎక్కినా, నల్గొండ నుంచి పోయినా పెద్ద తేడా లేదు. హైదరాబాద్ దూరం పట్టుకుని కొట్లాడుకున్నదంతా వృథా. తేడా అంతా రాత్రి రెండు గంటలప్పుడు ఉంటుంది. ఆ టైంలో పాప పాలు తాగడం మానేసినా, పక్కటెముకల కింద గుంటలు పడుతూ ఊపిరి తీసినా, నల్గొండలో ఆటోలో పది నిమిషాల్లో పిల్లల డాక్టరు ముందు ఉంటాం. ఊరి నుంచి 108కు ఫోన్ చేసి, అది వచ్చి, మళ్లీ నల్గొండకు 70 కిలోమీటర్లకు పైగా పోవాలి.

నాకు మాత్రం కరెంటే అసలు సమస్య అనిపించింది. చేసే పని అది కదా. మా ఇంట్లో మీటర్ పెట్టి చూస్తే సాయంత్రం వోల్టేజీ 170కి పడిపోతోంది. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వచ్చి తీగ మీద కొమ్మ పడిందంటే లైన్‌మన్ వచ్చేది తెల్లారాకే. గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్, అందరూ కాన్సంట్రేటర్ అంటారే, అది 300 నుంచి 400 వాట్లు లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ పెడితే మహా అయితే మూడు, నాలుగు గంటలు నడుస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. అందుకే ఊరు వద్దే వద్దు, నల్గొండే అని మొదట గట్టిగా అన్నది నేనే.

తర్వాత డిశ్చార్జ్ కాగితం మీద రాసింది సరిగ్గా చదివాను. నిమిషానికి పావు లీటరు, అంతే! పెద్దవాళ్లకు ఐదు లీటర్లు పెట్టడం చూసిన కళ్లకు అది ఏ మూలకూ రాదు. చిన్న సిలిండర్, బీ టైప్ అంటారు, అందులో 1,500 లీటర్లు ఉంటుంది. పావు లీటరు లెక్కన 100 గంటలు, అంటే నాలుగు రోజులు దాటుతుంది. పెద్ద జంబోలో 7,000 లీటర్లు. కాగితం మీద 19 రోజులు. అంతా అయిపోయేదాకా ఆగకుండా ముందే మార్చాలనుకున్నా 15 రోజులు బేఫికర్. కరెంటు అక్కర్లేదు, శబ్దం లేదు. మిషన్ అయితే రాత్రంతా రొద చేస్తుంది, పైగా వేడిని గదిలోకే వదులుతుంది. నల్గొండ ఎండల్లో ఆ వేడి కూడా లెక్కే. అందరూ మిషన్ కొనమనే అంటారు, కానీ ఇంత చిన్న ఫ్లో వాడే పసిపాపకు, అదీ పల్లెలో, సిలిండరే మేలని నాకు అనిపించింది. బిడ్డ ఎదిగి ఎక్కువ లీటర్లు కావాల్సి వస్తే ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు మిషనే.

రెండింటికీ ఒక మెలిక ఉంది. మాకు కిరాయికి మిషన్ తెచ్చిన కొట్టువాడు మామూలు ఫ్లో మీటరుతో తెచ్చాడు. నిమిషానికి ఎన్ని లీటర్లు పోతోందో లోపలి గోళీ తేలి చూపే గొట్టం అది. అందులో అన్నిటికన్నా చిన్న గీత అర లీటరు. "కొంచెం కింద పెట్టుకోండి సార్, అదే పావు" అన్నాడు. అలా కుదరదు. నెలలు నిండని బిడ్డకు అవసరానికి మించి ఆక్సిజన్ పోతే కళ్లకే ప్రమాదం. ఎక్కువైతే ఇంకా మంచిదేగా అనుకోవడానికి ఇదేమీ టానిక్ కాదు. లీటరు లోపలి గీతలు విడిగా ఉన్న పసిపిల్లల ఫ్లో మీటరు అడిగి తెప్పించుకోవాలి. సిలిండర్ రెగ్యులేటర్‌కు కూడా అంతే. ఫ్లో పెంచాలన్నా, తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి.

సిలిండర్ దగ్గర తప్పు నాది. మొదటి రోజు రెగ్యులేటర్ బిగుసుకుంటే చేయి అలవాటుగా గ్రీజు డబ్బా మీదికి పోయింది. దారాలకు కాస్త రాస్తే జారుతుంది కదా అని వేలికి గ్రీజు తీశాను కూడా. సిలిండర్ తెచ్చిన పిల్లగాడు నా చేయి పట్టుకుని ఆపాడు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పు లేకుండానే మండుతుందట. ఇన్నేళ్లు స్పానర్లతో బతికిన నాకు ఇరవై ఏళ్ల పిల్లగాడు పాఠం చెప్పాడు. లీకు ఉందేమో చూడాలంటే సబ్బు నురగ. సిలిండర్ పడిపోకుండా గోడకు గొలుసు. పొయ్యి, దీపం, అగరుబత్తి, బీడీ ఏదైనా ఆ గదికి దూరం.

పంచాయితీ మళ్లీ మొదలైంది ఇక్కడే. ఊళ్లో బాలింత ఇల్లంటే కుంపటి, సాంబ్రాణి పొగ, ఒళ్లంతా నూనె మర్దన. "మీరంతా ఆ పొగల పెరిగినోళ్లే, మీకేమైంది?" అని అమ్మ. మేమంతా తొమ్మిది నెలలు నిండి పుట్టినోళ్లం కదా. ఆ ఊపిరితిత్తులకు పొగ తగలకూడదు, పైపు ఉన్న ముఖానికి నూనె, వ్యాజిలిన్ వద్దు. ఇది డాక్టరు చెబితే అమ్మ తల ఊపింది, నేను చెబితే ముఖం తిప్పుకుంది. పైగా ఊళ్లో తలుపు మూసుకుంటే తప్పు. మేనత్తలు, చిన్నమ్మలు, పక్కింటి అవ్వ అందరూ వచ్చి చేయి కడగకుండానే బుగ్గ పట్టుకుంటారు. అక్క పెద్దకొడుకు అంగన్‌వాడీకి పోతాడు, రోజుకో జలుబు తెస్తాడు. కిరాయి ఇంట్లో ఈ బాధ లేదు, ఎవరూ రారు. చివరికి అక్కాబావలు పాపతో నల్గొండలోనే కిరాయికి దిగారు.

ఎవరూ రాకపోవడం ఎంత కష్టమో నల్గొండలో పది రోజులున్నాక తెలిసింది. ఊరిని అంత తేలికగా కొట్టేయకూడదని కూడా అప్పుడే అర్థమైంది. అక్క రెండు గంటలకోసారి పాలు పిండి, ఉగ్గుగిన్నెతో పట్టాలి. సీసా ఎందుకు వద్దన్నారంటే, పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒకేసారి పాపకు ఇంకా అలవాటు కాలేదు. ఒక్కో పూట పట్టడానికి 40 నిమిషాలు. తర్వాత గిన్నెలు మరగబెట్టాలి. మిగతా టైమంతా పాపను రొమ్ముకు ఆనించి, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకోవాలి. కంగారూ పద్ధతి అంటారే అదే. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే ఇంకా ఎక్కువ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క మనిషి చేసే పని కాదు. బావ పొద్దున పనికి పోతే రాత్రికి వచ్చేవాడు.

ఒక రాత్రి బావ నాకు ఫోన్ చేశాడు, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సిమీటర్ 84 చూపిస్తోందని. మాకు 93కు తగ్గకూడదని చెప్పారు. "పాపను చూడు ముందు, అంకె తర్వాత" అన్నాను. ఈ మాట నర్సు నేర్పింది. రంగు బాగుందా, పెదాలు నల్లబడ్డాయా, ఊపిరి ఎలా ఉంది? పెదాలు నీలంగా ఉంటే నాతో మాట్లాడొద్దు, సీదా ఆస్పత్రికి పొమ్మన్నాను. పాప ఎర్రగా, నిద్రలో ఉంది. పాదానికి చుట్టిన ఆక్సిమీటర్ పట్టీ సరిగ్గానే ఉంది. తీరా చూస్తే అక్క నిద్రమత్తులో మంచం కోడు కింద పైపు నలిగింది. కోడు లేపగానే రెండు నిమిషాల్లో 95. అక్క ఆ రోజు మూడు గంటలే పడుకుంది. తప్పు పైపుది కాదు, నిద్రది.

తర్వాతి రోజే అమ్మను నల్గొండకు తీసుకొచ్చాం. బర్రెలు, చేను నాన్న చూసుకుంటానన్నాడు. పగలు నాలుగు గంటలు అమ్మే పాపను రొమ్ముకు కట్టుకునేది. అమ్మమ్మ ఒంటి వేడి కూడా వేడే. అక్క నిద్రపోయేది. సాంబ్రాణి మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు, రోజూ ఆ పైపు కళ్లముందే ఉండేసరికి.

ఊళ్లో ఉన్న ఇంకో మేలు, ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క. పుట్టిన బిడ్డ ఇంటికి 42వ రోజు వరకూ ఆమె వచ్చి చూడాలి, మా పాపకు ఆ 42 రోజులూ ఆస్పత్రిలోనే గడిచాయి. అయినా ఊళ్లో ఉండి ఉంటే వారానికోసారి తూకం పెట్టేదాన్నని ఆమే చెప్పింది. నల్గొండలో మా గల్లీకి ఎవరొస్తారో కూడా తెలియక, బరువు కోసం ప్రతిసారీ ఆస్పత్రికే పోయాం.

ఇంతకీ నా తీర్పు: ఆక్సిజన్ ఉన్నన్నాళ్లూ నల్గొండే మేలు. అయితే ఒంటరి నల్గొండ కాదు, అమ్మమ్మతో కలిసిన నల్గొండ. ఇంట్లోంచి కదిలి రాగల మనిషి లేకపోతే నేనైతే ఊరికే ఓటేస్తాను. కాకపోతే పెద్ద సిలిండర్, దాని పక్కన నిండు చిన్న సిలిండర్, పొగ లేని గది, ముందే మాట్లాడి పెట్టుకున్న కారు, నాలుగూ ఉంటేనే. మిషన్ ఒక్కదాని మీద ఆధారపడి పల్లెలో ఉండొద్దు. నల్గొండలో మిషన్ పెట్టుకున్నా పక్కన చిన్న సిలిండర్ తప్పనిసరి.

మాకు జూన్ చివర్లో ఆక్సిజన్ తీసేశారు. వారం రోజులు ఆక్సిమీటర్ మీదే కన్నేసి, అంకె దిగలేదని డాక్టరు చూశాక పాపను ఊరికి తీసుకుపోయాం. ఆ పొద్దున ఆశా అక్క వచ్చి పాపను తూకం సంచిలో వేసింది. 3 కిలోల 600. చేతులు కడుక్కునే వచ్చింది, ఎవరూ చెప్పకుండానే. వాకిట్లో అమ్మ సబ్బు, చెంబు పెట్టి కూర్చుంది.