నాలుగేళ్ల డీజిల్ కారు, ఒక డిప్‌స్టిక్: తగ్గవలసిన ఆయిల్ పెరిగినప్పుడు

ఈ కారు కొని నాలుగేళ్లు నిండాయి. 58 వేల కిలోమీటర్లు తిరిగింది. సీట్లు, తెర, పికప్ గురించి ఇప్పటికే ఎందరో రాశారు కనుక వాటి జోలికి పోను. ఇది బీఎస్-6 కాలుష్య ప్రమాణాల 1.5 లీటర్ల డీజిల్ బండి అని తెలిస్తే చాలు. నేను రాయదలచినది బానెట్ ఎత్తగానే చేతికందే, పసుపురంగు పిడి ఉన్న, ఇంజిను ఆయిల్ మట్టం పైగీత, కిందిగీతల మధ్య ఉందో లేదో చూపే ఒక కడ్డీ గురించి. ఈ బండిలో నాకు నిజంగా అక్కరకు వచ్చిన పరికరం ఏదని అడిగితే, వేలకు వేలు పోసి కొనుక్కున్న వాటినన్నింటినీ పక్కన పెట్టి ఈ డిప్‌స్టిక్‌నే చూపిస్తాను.

మా నాన్నగారు అంబాసిడర్ నడిపిన రోజుల్లో, ఊరు దాటే ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి, అందుకోసమే డిక్కీలో దాచిన పాత బనియన్ గుడ్డతో తుడిచి, మళ్లీ దించి తీసి, వెలుతురుకు పెట్టి చూసేవారు. ఆ అలవాటు నాకూ వచ్చింది. డ్యాష్‌బోర్డులో ఎర్రటి నూనెబుడ్డి దీపం ఉండగా ఈ చాదస్తం ఎందుకని స్నేహితులు నవ్వుతుంటారు. ఆ దీపం చెప్పేది ఆయిల్ ఒత్తిడి గురించే తప్ప మట్టం గురించి కాదు. అది వెలిగే సమయానికి మట్టం ప్రమాదస్థాయికి పడిపోయి ఉండవచ్చు. పైగా ఆయిల్ ఎక్కువైనంత మాత్రాన అది వెలగదు. ఈ రెండో సంగతి నాకు గత డిసెంబరు దాకా పట్టింపులోకి రాలేదు.

హైదరాబాదు నుంచి విశాఖపట్నం, అక్కడి నుంచి అరకు వెళ్లాలని బయలుదేరాము. తెల్లవారుజామున ఇంజిను చల్లగా ఉండగా డిప్‌స్టిక్ తీసి చూస్తే, ఆయిల్ పైగీతను దాటి దాదాపు వేలి మందం పైకి కనబడింది. నాలుగు నెలల క్రితం సర్వీసు చేయించినప్పుడు అది పైగీతకు కొంచెం దిగువనే ఉన్నట్టు నా పుస్తకంలో రాసుకున్నాను. చీకట్లో సరిగా చూడలేదనుకుని బయలుదేరాను. సూర్యాపేటలో టిఫినుకు ఆగినప్పుడు, చదునైన చోట బండి నిలిపి, ఇంజిను ఆపి, ఆయిలంతా కిందికి దిగేందుకు పది నిమిషాలు ఆగి మళ్లీ చూశాను. అదే మట్టం. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన గుప్పుమంది. వేళ్ల మధ్య రుద్దితే ఆయిల్‌కు ఉండవలసిన జిగురు లేదు.

నా అనుమానం వెంటనే ఇంటి దగ్గరి బంకు మీదికి పోయింది. మూడు నెలలుగా మైలేజీ 19 నుంచి 16కు పడిపోయింది. కల్తీ డీజిలే పోస్తున్నారని అప్పటికే ఇంట్లో రెండుసార్లు తీర్పు చెప్పి ఉన్నాను. రాజమహేంద్రవరం దాటాక ట్యాంకు నింపించవలసి వచ్చినప్పుడు, ఈసారి మోసపోకూడదని గట్టిగా నిశ్చయించుకుని, ముందు సాంద్రత చూపించమని అడిగాను. బంకు కుర్రవాడు విసుక్కోకుండా గాజు జాడీ, హైడ్రోమీటరు, థర్మామీటరు తెచ్చాడు. 33 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 819 కిలోలు చూపింది. పట్టిక చూసి 15 డిగ్రీలకు మారిస్తే 832 వచ్చింది. ఆ ఉదయం రిజిస్టరులో రాసినది 831. మూడు యూనిట్ల వరకు తేడా ఉండవచ్చు కనుక అది నిక్షేపంగా ఉన్నట్టే. అయిదు లీటర్ల కొలపాత్రలో పోయించి చూసినా గీతకు సరిపోయింది. నేను అంతటితో ఆగక ఫిల్టర్ కాగితం కూడా అడిగాను. కుర్రవాడు నవ్వు ఆపుకుంటూ, ‘‘అది పెట్రోలుకు సార్. పెట్రోలు చుక్క ఆరిపోతే మరక ఉండకూడదు. డీజిల్ అయితే ఎంత మంచిదైనా మరక వదిలే పోతుందండీ’’ అన్నాడు. వెనుక వరుసలో ఉన్న లారీ డ్రైవరు కూడా నవ్వాడు. ఆ కాగితాన్ని ఆయుధంలా ఎన్నేళ్లుగానో మనసులో దాచుకున్న నాకు ఏం మాట్లాడాలో తోచలేదు.

సాంద్రత సరిపోయినంత మాత్రాన అన్నీ తేలిపోవు. డీజిల్‌లో కరగని నీరు ట్యాంకు అడుగున చేరుతుంది. జాడీలోకి తీసిన డీజిల్‌లో అది కనబడాలని లేదు. అందుకని అనకాపల్లి దగ్గర ఒక షెడ్డులో ఫ్యూయెల్ ఫిల్టరు అడుగున ఉన్న మరను వదులు చేయించి, గాజు సీసాలోకి కొంత దింపించాను. ఇంటి దగ్గర పోయించినదే ఇంకా ఫిల్టరులో మిగిలి ఉంటే దాని గుట్టూ బయటపడుతుందని నా ఆశ. పావుగంట నిలకడగా ఉంచినా అడుగున నీటి పొర ఏర్పడలేదు. షెడ్డు నడిపే పెద్దాయన నా డిప్‌స్టిక్ గుడ్డ వాసన చూసి, నేను రోజూ ఎంత దూరం తిరుగుతానని అడిగాడు. ఇంటి నుంచి ఆఫీసుకు 4 కిలోమీటర్లని చెప్పాను. ‘‘డీజిల్‌కేం కాలేదు బాబూ, అది వెళ్లకూడని చోటికి వెళ్లింది’’ అన్నాడాయన.

ఆయన విడమరచి చెప్పినది ఇదీ. పొగగొట్టంలోని డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టరు) మసిని పట్టి ఉంచుతుంది. కొన్ని వందల కిలోమీటర్లకొకసారి ఆ మసిని కాల్చివేయడానికి దానిని సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కించాలి. అందుకు ఇంజిను సిలిండర్లలోకి ఆలస్యంగా కొంచెం అదనపు డీజిల్ చిమ్ముతుంది. అందులో కొంత కాలకుండా గోడల వెంట జారి ఇంజిను అడుగున సంపులో నిలిచే ఆయిల్‌లో కలుస్తుంది. హైవే మీద పావుగంట నడిస్తే పని ఒకసారికి పూర్తవుతుంది. 4 కిలోమీటర్లలో ఆఫీసు వచ్చేస్తే పని సగంలో ఆగుతుంది. సాయంత్రం మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ మొదలుపెట్టిన ప్రతిసారీ కొంత డీజిల్ కిందికి. బండి ఆపిన తరువాత కూడా ఫ్యాను హోరుమని తిరగడం, మైలేజీ ఉన్నట్టుండి పడిపోవడం, నిలిపి ఉంచినప్పుడు ఇంజిను వేగం కొంచెం పెరగడం అనే మూడు గుర్తులనూ నేను నెలల తరబడి చూస్తూనే ఉన్నాను. చూసి బంకును తిట్టుకున్నాను.

మొదటి ఏడాది చివర నేనే ఈ కారు గురించి రాస్తూ, ‘10 వేల కిలోమీటర్లలో చుక్క ఆయిల్ తాగలేదు’ అని మెచ్చుకున్నాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. అది ఆయిల్ తాగే ఉండవచ్చు, తాగినంత మేరకు డీజిల్ వచ్చి చేరి మట్టాన్ని నిలబెట్టి ఉండవచ్చు. మసి కాల్చే పనిని డ్రైవరుకు తెలియనివ్వకుండా చేసుకుపోతుందని కూడా అప్పట్లో పొగిడాను. ఒక చిన్న దీపమైనా వెలిగించి తెలియజేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తున్నది.

పలచబడిన ఆయిల్‌తో అనంతగిరి ఘాటు ఎక్కవద్దని పెద్దాయన చెప్పడంతో విశాఖలో ఆయిల్, ఫిల్టరు మార్పించాను. సర్వీసులో పోసినది 5 లీటర్లయితే దిగినది అయిదున్నర దాటింది. డీపీఎఫ్ బండ్లకు వాడే తక్కువ బూడిద రకం 5డబ్ల్యూ-30 ఆయిలే కావాలని పట్టుబట్టడంతో అది దొరికేసరికి సగం రోజు, ఫిల్టరుతో కలిపి సుమారు 6 వేల రూపాయలు ఖర్చయ్యాయి. కైలాసగిరి చూడాలన్న మా ఆవిడ కోరిక ఆ సగం రోజులోనే కొట్టుకుపోయింది. గాలికొండ మలుపుల్లో బండి ఏ ఇబ్బందీ పెట్టలేదు. అరకులో మాత్రం మరొకసారి గుండె జారింది: పొద్దున డిప్‌స్టిక్ కిందిగీతకు దిగువన చూపింది. తీరా చూస్తే బస ముందు నేల ఏటవాలుగా ఉంది. బండిని రోడ్డు మీది చదును చోటికి తెచ్చి చూస్తే మట్టం ఉండవలసిన చోటే ఉంది. ఆ రెండు గీతల మధ్య తేడా లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది కనుక, కంగారులో అక్కడికక్కడే ఆయిల్ పోసి ఉంటే మళ్లీ పైగీత దాటించేవాడిని.

తిరుగు ప్రయాణంలో మైలేజీ 20కి వచ్చింది. ఇంటి దగ్గరి బంకు మేనేజరుకు నా అనుమానం సంగతి చెప్పలేదు కానీ, మళ్లీ అక్కడే పోయించుకుంటున్నాను.

రోజుకు 40 కిలోమీటర్లు హైవే మీద తిరిగేవారికి ఈ బండిని నిస్సంకోచంగా చెప్పగలను. వారికి ఈ బాధ ఎదురయ్యే అవకాశం తక్కువ. నాలాగా ఆఫీసు నడక దూరంలో ఉన్నవారు కొనవచ్చునా అంటే, పెట్రోలు బండి చూసుకోమనే అంటాను, ఏడాదికి నాలుగైదు దూర ప్రయాణాలు ఉంటే తప్ప. నాకు మా ఊరి ప్రయాణాలు ఉన్నాయి, వారంటీ ఇంకా ఏడాది ఉంది, కనుక ప్రస్తుతానికి మార్చడం లేదు. రెండు వారాలకొకసారి ఆదివారం పొద్దున డిప్‌స్టిక్ చూసి పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆఫీసు దగ్గరికి వచ్చేసరికి ఫ్యాను హోరు వినబడితే ఆపకుండా ఔటర్ రింగు రోడ్డు మీదికి తిప్పి, అది శాంతించాక వెనక్కి వస్తున్నాను. ఆలస్యమైనందుకు మా పై అధికారికి ఏ కారణం చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.