రూ.15,000 లోపు మౌంటెన్ సైకిల్: డబ్బు దేనికి పెట్టాలి?

వారంలో రెండు మూడు ఉదయాలు పది పదిహేను కిలోమీటర్లు తొక్కుతూ, సెలవు రోజున చెరువు గట్టు మీదికో ఊరి బయట మట్టి బాటలోకో వెళ్లాలనుకునేవారికి రూ.10,000 నుంచి రూ.15,000 వరకు ధర ఉన్న మౌంటెన్ సైకిల్ సరిపోతుంది. హీరో, హెర్క్యులస్, డెకాథ్లాన్ వారి రాక్‌రైడర్ వంటి పేర్లలో ఏది తీసుకున్నా, ఈ ధరలో లోపలి సామాను దాదాపు ఒకే తరగతికి చెందుతుంది. చాలావాటిలో ఉక్కు ఫ్రేము, షిమానో కంపెనీ వారి ప్రారంభ స్థాయి రకమైన టూర్నీ తరగతి గేర్లు, కుదుపులను తగ్గించే స్ప్రింగు షాకులు ఉంటాయి, బరువు 14 నుంచి 17 కిలోల దాకా తూగుతుంది. అందువల్ల పేరు కంటే, తయారీదారు మన డబ్బును ఏ భాగాల మీద ఖర్చు చేశాడన్నది చూసి ఎంచుకోవడం మేలు.

దుకాణంలో మొదట కంటికి ఆనేవి షాకులే. ముందూ వెనుకా రెండు వైపులా షాకులున్న సైకిల్‌ను ఈ ధరలో కొనవద్దన్నది నా నిశ్చితాభిప్రాయం. పెడల్ మీద వేసిన బలంలో కొంత వెనుక స్ప్రింగును అణచడానికే ఖర్చవుతుంది, ఫ్రేము వెనుక భాగం కదిలే కీలు దగ్గర ఉండే బుష్‌లు అరిగి కొంతకాలానికి కిర్రుమంటాయి, పైగా బరువు పెరుగుతుంది. ముందు షాకుల సంగతి అంత తేలిగ్గా తేల్చలేము. గతుకుల రోడ్డు మీద మణికట్లకు అవి కొంత ఊరటనిస్తాయి. కానీ ఈ తరగతిలో చాలావాటిలో ఉండేది వట్టి ఉక్కు స్ప్రింగు. గుంతలో అణిగిన స్ప్రింగు తిరిగి ఎగదన్నకుండా నెమ్మదింపజేసే ఏర్పాటు ఉండదు. షాకులు లేని మామూలు ఫోర్కుతో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం) పోలిస్తే కిలోకు పైగా అదనపు బరువు కూడా తప్పదు. 1970లలో కాలిఫోర్నియా కొండల మీద మౌంటెన్ సైకిల్ రూపుదిద్దుకున్ననాడు అసలు షాకులే లేవన్న సంగతి అమ్మకందారులకు గుర్తుచేయాలనిపిస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వంటి నున్నని దారులే మీ ఉదయాలకు ఆధారమైతే, షాకులు లేని ఫోర్కు, కొంచెం వెడల్పాటి టైర్లు ఉన్న సైకిలే హాయిగా ఉంటుంది.

గేర్ల సంఖ్య చూసి మురిసిపోనక్కర లేదు. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనుక ఏడు కలిపి 21 గేర్లంటారు గాని, వాటిలో చాలా జంటలు దాదాపు ఒకే వేగాన్నిస్తాయి. సాధారణంగా ముందు 42, 34, 24 పళ్లు, వెనుక 14 నుంచి 28 పళ్లు ఉంటాయి. 26 అంగుళాల చక్రానికి లెక్క వేస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిల్ అన్నిటికంటే తేలిక గేరులో సుమారు 1.8 మీటర్లు, బరువైన గేరులో 6.2 మీటర్లు ముందుకు పోతుంది. ముందున్న మధ్య పళ్ల చక్రం ఒక్కటే 2.5 నుంచి 5 మీటర్ల వరకు అందిస్తుంది కాబట్టి, మైదాన ప్రాంతంలో తీరిక తొక్కుడుకు ముందు ఒకే పళ్ల చక్రం ఉన్న 7 గేర్ల సైకిల్ చాలు, సర్దుబాటు తలనొప్పి కూడా తక్కువ. వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఎత్తులో, విశాఖలో కైలాసగిరి దారిలో మాత్రం 24 పళ్ల చిన్న చక్రం విలువ తెలుస్తుంది.

బ్రేకుల విషయంలో నా మొగ్గు రిమ్మును రెండు పక్కల నుంచి రబ్బరు ముక్కలతో నొక్కి ఆపే వి-బ్రేకుల వైపే. వాటి రబ్బరు ముక్కలు చవక, వీధి చివరి మెకానిక్‌కు కూడా వాటి పని తెలుసు. అయితే రిమ్ము తడిసినప్పుడు అవి ఆలస్యంగా పట్టుకుంటాయి గనుక, వానలోనూ బురదలోనూ తిరిగేవారు కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు తీసుకోవచ్చు.

ఎక్కువమంది పట్టించుకోనిది ఫ్రేము కొలత. దుకాణాల్లో 26 అని, 27.5 అని, 29 అని చెప్పేవి చక్రం కొలతలే తప్ప, మీ ఎత్తుకు సరిపోవలసిన ఫ్రేము కొలతలు కావు. సైకిల్‌కు అటొక కాలు ఇటొక కాలు పెట్టి నేల మీద నిలబడినప్పుడు పై గొట్టానికీ శరీరానికీ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని పెడల్‌ను అన్నిటికంటే కిందికి తెచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. ఈ రెండు పరీక్షల్లో నెగ్గని సైకిల్ ఎంత తగ్గింపు ధరకు వచ్చినా మోకాళ్ల నొప్పికే దారి తీస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్షకు అవకాశం ఉండదు; పైగా హ్యాండిల్, ముందు చక్రం, పెడల్స్ మనమే బిగించుకోవాల్సి వస్తుంది. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయని తెలియక బలవంతంగా తిప్పితే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) పాడవుతుంది.

ధర అడిగేటప్పుడు స్టాండు, మడ్‌గార్డులు, బెల్లు అందులో కలిశాయో లేదో తేల్చుకోవాలి. హెల్మెట్‌కూ లైట్లకూ మరికొంత కేటాయించుకోవాలి. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది గనుక, బిల్లులో ఏ రేటు వేశారో చూసుకోవడం అవసరం. కొత్త కేబుళ్లు మొదటి నెలలో సాగుతాయి. అప్పుడు గేర్లు, బ్రేకులు సరిచేసి, చువ్వలు బిగించి ఇచ్చే ఉచిత సర్వీసు ఉన్న దుకాణానికి ఐదారు వందలు ఎక్కువైనా ఇవ్వవచ్చు.

అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ముపట్టి పడి ఉన్న సైకిళ్లు సగం ధరకు దొరుకుతుంటాయి. క్రాంకును పట్టుకుని పక్కలకు ఊపినప్పుడు లొడలొడలాడకుండా, చక్రాలు తిప్పినప్పుడు వంకర పోకుండా ఉంటే, పగుళ్లు పట్టిన టైర్లూ ట్యూబులూ మార్చడానికయ్యే ఖర్చు ధరలో తగ్గించమని అడిగి తీసుకోవచ్చు.